ఊపిరి గురించి అడిగినవారికి

నా స్వరపేటిక తీసివేసి 14 నెలలైంది. ఈ 14 నెలల్లో నన్ను చూడడానికి వచ్చినవారిలో ఎక్కువమంది మాట గురించే అడిగారు. మళ్లీ మాట్లాడతారా, గొంతు ఎలా ఉంటుంది అని. వారి అభిమానానికి రుణపడి ఉంటాను. కానీ నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది మాట కాదు, ఊపిరి. దాన్ని పట్టించుకున్న కొందరికి నమస్కారం చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

శస్త్రచికిత్సలో శ్వాసనాళాన్ని మెడ కింది భాగానికి తెచ్చి చర్మానికి కుట్టారు. ఆ రంధ్రాన్ని స్టోమా అంటారు. ఇక నా ముక్కుకు, నోటికి ఊపిరితిత్తులతో సంబంధం లేదు. గాలిని వెచ్చబరిచి, తడిపి, దుమ్ము వడగట్టి పంపడం ముక్కు పని అని చిన్నప్పుడే చదివాను. అది ఎంత పెద్ద పనో పోయాకే తెలిసింది. పొడిగాలి నేరుగా లోపలికి వెళ్లి కఫం చిక్కబడేది, పెచ్చులు కట్టేది. ఒక రాత్రి అలాంటి పెచ్చే అడ్డుపడింది. నా భార్య స్టోమాలో సెలైన్ చుక్కలు వేసి, నేను దగ్గి దాన్ని బయటపడేసేదాకా నా వీపు మీది చేయి తీయలేదు. ఆమెకు చెప్పవలసింది ఇంట్లోనే చెప్పుకుంటాను.

26 ఏళ్లు సిగరెట్లు కాల్చినవాణ్ణి. ఊపిరితిత్తులు ఏ స్థితిలో ఉన్నాయో చూడాలని స్పైరోమెట్రీ, అంటే యంత్రం గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష, రాశారు. మొదట వెళ్లినచోట గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు. మెడ చూపించాను, అయినా ఊదమన్నారు. నా నోటి నుంచి ఊపిరి రాదు కదా! కాగితం మీద ‘రోగి సహకరించలేదు’ అని రాసి పంపారు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

రెండోచోట ఉన్న టెక్నీషియన్ అమ్మాయి ముందుగా నా మెడనే చూసింది. “మీరు ఊదవలసింది ఇక్కడి నుంచి కదా బాబాయిగారూ” అంది. చిన్నపిల్లల మాస్కు ఒకటి వెతికి తెచ్చి, స్టోమా చుట్టూ అదిమి, దాన్ని యంత్రం గొట్టానికి తగిలించింది. రేడియేషన్ తరువాత నా మెడ ఎత్తుపల్లాలుగా ఉంది, అంచుల నుంచి గాలి పోయింది. మాస్కు మార్చింది, నా తల పక్కకు తిప్పి చూసింది, మళ్లీ మార్చింది. దాదాపు గంట. ఒకదానితో ఒకటి సరిపోలే మూడు ఫలితాలు వచ్చేదాకా వదలలేదు. అమ్మా, ఆ గంటకు నేను ఏమిచ్చినా తక్కువే.

మొదటి సెకనులో బయటికి రావలసిన గాలి బాగా తక్కువగా వస్తోందని తేలింది. అప్పుడు డాక్టరుగారు ఇన్‌హేలర్ ఎలా తీసుకుంటున్నారో చూపించమన్నారు. నేను నోట్లో కొట్టుకుని చూపించాను. ఆవిడ ఒక్క క్షణం ఏమీ అనలేదు. అన్ని నెలలూ ఆ మందు ఒక్క చుక్క కూడా ఊపిరితిత్తులకు చేరలేదు! ఇన్‌హేలర్ మందును కాసేపు పట్టి ఉంచే స్పేసర్ అనే గొట్టానికి అదే చిన్నపిల్లల మాస్కు తగిలించి, స్టోమా మీద పెట్టి మందు ఇచ్చారు. కాసేపాగి మళ్లీ ఊదిస్తే అంకె పెరిగింది. నన్ను తప్పుపట్టకుండా చేయి పట్టుకుని నేర్పిన ఆ డాక్టరుగారికి నా నమస్కారాలు.

తొమ్మిదేళ్ల క్రితం ఇదే శస్త్రచికిత్స అయిన ఒక అన్నగారు ఫిల్టర్ వాడమన్నారు. స్టోమా మీద పెట్టుకునే చిన్న బిళ్ల అది. వదిలే ఊపిరిలోని వేడినీ తేమనూ లోపలి స్పాంజి పట్టి ఉంచి, పీల్చే గాలికి తిరిగి ఇస్తుంది. మొదటి వారం ఊపిరాడనట్టు అనిపించి తీసి పక్కన పెట్టేశాను. ఆయన రోజూ ఉదయం “నిన్న ఎన్ని గంటలు ఉంచావు తమ్ముడూ” అని సందేశం పంపేవారు. రాత్రి కూడా తీయవద్దనేవారు. ఆరు వారాలకు దగ్గు సగానికి పైగా తగ్గింది. ‘నేను మెడ ద్వారా ఊపిరి పీలుస్తాను, ఆక్సిజన్ మెడ దగ్గరే పెట్టండి’ అన్న కార్డు కూడా ఆయనే రాయించి ఇచ్చారు. అది ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది.

ఇక అందరూ అడిగిన మాట సంగతి. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న కవాటం అమర్చారు. స్టోమాను వేలితో మూస్తే ఊపిరితిత్తుల గాలి దాని గుండా అన్నవాహికలోకి వెళ్లి శబ్దమవుతుంది. ఊపిరి చాలనప్పుడు రెండు మాటలకే ఆగిపోయేవాణ్ణి. ఇప్పుడు ఒక వాక్యం పూర్తిచేయగలను.

మొన్న మళ్లీ పరీక్షకు వెళ్లాను. నేను కూర్చునేలోపే ఆ చిన్న మాస్కు బల్ల మీద సిద్ధంగా ఉంది. నా తరువాత మరో ఇద్దరికి కూడా అలాగే పరీక్ష చేశానని ఆ అమ్మాయి చెప్పింది. “చాలా సంతోషం తల్లీ” అని నా గొంతుతోనే అన్నాను.