తాపీ పని నేర్పాలంటే కట్టిన గోడ కూల్చనివ్వాలి

సంపాదకులు గారికి,

హైదరాబాద్ శివార్లలో కోకాపేట, తెల్లాపూర్ వైపు ఏ రోడ్డులో చూసినా క్రేన్లే. ఇంత కట్టడం జరుగుతున్న ఊళ్లో పదో తరగతి దాటిన పిల్లల్లో చాలామందికి గోడ నిటారుగా ఉందో లేదో దారానికి కట్టిన గుండు వేలాడదీసి చూడడం రాదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలంది. మంచిదే. కానీ పది రోజుల్లో పని చూస్తారు, చేతికి రాదు.

మా విన్నపం ఒక్కటే. హైదరాబాద్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతికి వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు ఇటుక పని నేర్పండి. సిమెంటుతో వద్దు, మట్టితో నేర్పండి. కట్టిన గోడను పిల్లల చేతే కూల్పించి, అవే ఇటుకలతో మళ్లీ కట్టించండి.

బళ్లలో ఇలాంటి పని పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి శాశ్వతంగా మిగలాలని కూర్చునే దిమ్మో, చెట్టు చుట్టూ గట్టో కట్టిస్తారు. అది వంకర పోకూడదు కాబట్టి తాపీ మేస్త్రీ చేతిలోనే ఉంటుంది, పిల్లలు ఇటుకలు అందిస్తారు. ఆ పూట వాళ్లు నేర్చుకున్నది ఏమీ ఉండదు. పైగా మామూలు సిమెంటు నీళ్లు కలిపిన అరగంట తర్వాత బిగుసుకోవడం మొదలుపెడుతుంది. మొదటిసారి తాపీ పట్టిన పిల్లవాడికి ఆ అరగంటలో మూడు ఇటుకలు కుదరడమే కష్టం, తప్పు దిద్దుకునే వ్యవధి ఎక్కడిది? జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో ఇసుక కలిపిన మాలు అయితే పూటంతా పనికొస్తుంది, చేతులు కాల్చదు. ఇటుకకు అంటుకున్నది గీకేస్తే మళ్లీ వాడొచ్చు.

ఖర్చు పెద్దది కాదు. నలభై మంది పిల్లలుంటే ఎనిమిదేసి మందితో ఐదు జట్లు. ఒక్కో జట్టు ఒక మూల కట్టాలి: ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు, ఎత్తు 3 అడుగులు, నాలుగు అంగుళాల గోడ. తొమ్మిది అంగుళాల ఇటుక, అర అంగుళం జాయింటు లెక్కన 91 ఇటుకలు పడతాయి. విరిగేవి కలుపుకొని జట్టుకు 100, మొత్తం 500 తెస్తే ఏడాదంతా అవే తిరుగుతాయి. తిన్నగా ఉండే గోడ కట్టిస్తే సగం పాఠం పోతుంది. పనితనం బయటపడేది మూలలోనే.

3, 4 అని చెప్పడానికీ కారణం ఉంది. దారం కట్టి ఒక వైపు 3 అడుగుల దగ్గర, ఇంకో వైపు 4 అడుగుల దగ్గర గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య కచ్చితంగా 5 అడుగులు రావాలి. అంగుళం ఎక్కువ వస్తే మూల తెరుచుకున్నట్టు, తక్కువ వస్తే ముడుచుకున్నట్టు. లెక్కల పుస్తకంలోని పైథాగరస్ ఇదే. పిల్లలు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే, ఒక కొలత గోడ బయటి అంచు నుంచి, ఇంకొకటి లోపలి అంచు నుంచి తీసుకుంటారు. ఇళ్లలో నేల టైల్సు ఒక గోడ దగ్గర నిండుగా వచ్చి, ఎదుటి మూలకు పోయేసరికి ముక్కలుగా కోయాల్సి రావడానికి చాలాసార్లు మొదట్లో పడిన ఈ తప్పే కారణం.

రెండో పాఠం నీళ్ల పైపుతో లెవెల్ చూడడం. పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి రెండు చివరలూ పైకి పట్టుకుంటే నీళ్లు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తాయి. మధ్యలో ఎక్కడైనా గాలి బుడగ ఉంటే, పైపు మడత పడితే, ఒక చివర మూసిన బొటనవేలు తీయడం మరిచిపోతే లెక్క తప్పుతుంది. ఆ బుడగను వెతికి పట్టుకుని, పైపు తట్టి బయటికి పంపిన పిల్లకు భౌతికశాస్త్రం ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇటుకలు కట్టే ముందు నీళ్లలో నానబెట్టాలి. పొడి ఇటుక మాలులోని తడి పీల్చేస్తుంది, జాయింటు పట్టదు. వరస మార్చినప్పుడు చివర సగం ఇటుక పెట్టడం మరిస్తే జాయింటు మీద జాయింటు వచ్చి గోడ అక్కడే నిలువునా చీలుతుంది. మొదటి మూడు వారాలు నాలుగు వరసలు దాటనివ్వొద్దు. కూల్చేటప్పుడు పై వరస నుంచి ఒక్కో ఇటుక చేత్తో తీయాలి, తోసెయ్యకూడదు.

సిమెంటు చివరి రెండు వారాలు చాలు, అదీ ప్రయోగంగా. 2 కిలోల సిమెంటు, 6 కిలోల ఇసుక, ఒక లీటరు నీళ్లతో ఒక దిమ్మ పోయాలి. అంతే సరుకుతో లీటరున్నర నీళ్లు పోసి ఇంకోటి. మొదటిలాగే కలిపి, నీడలో వదిలేసి ఒక్కసారీ తడపకుండా మూడోది. మిగతా రెంటినీ వారం రోజులు తడి గోనె కింద ఉంచాలి. పోసిన 28వ రోజున, అంటే ఈ 12 వారాలు ముగిశాక, మూడింటినీ మేకుతో గీకి చూస్తే ఏది పొడి రాలుస్తుందో కళ్లముందే తేలుతుంది. రేపు తమ ఇంటి స్లాబు పోసే రోజున జారుగా ఉండాలని ఎవరైనా పైపుతో నీళ్లు కొడుతుంటే ఆ పిల్లలు ఆపగలరు. ఈ రెండు వారాలూ రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, ఆ మంట వెంటనే తెలియదు.

స్లాబులో వేసే ఇనుప సలాకల లెక్క కూడా చెప్పాలి. వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల సలాక మీటరుకు 0.888 కిలోలు, 12 మీటర్ల పొడవుకు సుమారు 10.7. ఇల్లు కట్టుకునే ఏ కుటుంబానికైనా ఇంతకన్నా అక్కరకొచ్చే లెక్క ఉండదు.

అనుభవం కోసమని పిల్లలను సైట్లకు పంపడం మాత్రం వద్దు. 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించడాన్ని, 14 నుంచి 18 ఏళ్ల వారితో ప్రమాదకరమైన పనులు చేయించడాన్ని నిషేధించింది. బడి ఆవరణ దాటకూడదు, పరంజా ఎక్కించకూడదు, కటింగ్ మిషన్ ముట్టనివ్వకూడదు.

నేర్పడానికి అనుభవమున్న తాపీ మేస్త్రీ కావాలి, పక్కన లెక్కల టీచర్ ఉండాలి. మేస్త్రీకి ఆ రోజు బయట దొరికే కూలి తగ్గకుండా, ఏ వారానికి ఆ వారం చేతిలో పెట్టాలి. నెలల తరబడి బిల్లు తిప్పితే రెండో నెలకు ఆయన రాడు. పిల్లలకు ఎలా చెప్పాలో ఆ మేస్త్రీలకు నాలుగు రోజులు శిక్షణ ఇవ్వడానికి నగరంలోనే 1998లో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ ఉంది. ఆడపిల్లలను ఈ తరగతిలో అన్ని జట్లలోనూ కలపాలి, తాపీ వాళ్ల చేతికీ రావాలి. సైట్లలో ఆడవాళ్లు తట్టలు మోస్తూనే ఏళ్లు గడిపేస్తున్నారు, గోడ కట్టే అవకాశం వాళ్లకు దాదాపు రావడం లేదు.

"మా పిల్లలు తాపీ పనికా?" అని అడిగే తల్లిదండ్రులుంటారు. ముఖ్యంగా కూలి పని కోసం అడ్డా మీద నిలబడి బతికినవాళ్లు అలా అడగడంలో బాధ ఉంది. వాళ్లను పదకొండో వారం బడికి పిలిచి, గుండు వేలాడదీసి గోడ చూపించమని పిల్లలకే చెప్పాలి.

నలభై నిమిషాల పీరియడ్ సరిపోదు. ఇటుకలు పరిచి, దారం కట్టేసరికే గంట కొడతారు. రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి, చివరి పావుగంట కడుక్కోవడానికి వదలాలి. ఎండలు లేని, పరీక్షల ఒత్తిడి లేని నెలలు చూసుకుంటే జూలై నుంచి డిసెంబరు మేలు. వాన పడితే మట్టి మాలు కారిపోతుంది కాబట్టి రేకుల షెడ్డు ఉన్న బళ్లతో మొదలుపెట్టాలి. జట్టుకు రెండు తాపీలు, ఒక గుండు, మూల సరిగ్గా ఉందో చూసే మూలమట్టం ఒకటి, వరస సమంగా ఉందో చూసే రసమట్టం ఒకటి, దారం, ఇటుకలు నానబెట్టడానికి ఒక డ్రమ్ము ఉంటే చాలు. విద్యాశాఖ ఈ సంవత్సరం జిల్లాలో పది బళ్లకైనా ఇవి ఇప్పించాలి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీర్,
హైదరాబాద్