విషయం: నా క్యాంపెయిన్ డబ్బు "పరిశీలనలో" ఉంది సరే, పరిశీలించే మనిషి ఎక్కడున్నాడు?

కస్టమర్ సపోర్ట్ టీంకి, ఆ టీం పైన నిజంగా ఎవరైనా మేనేజర్ ఉంటే వాళ్ళకి,

నమస్కారం. మీ క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో, అంటే ఆన్‌లైన్‌లో జనం దగ్గర కొంచెం కొంచెంగా డబ్బు పోగుచేసే చోట, నేను పెట్టిన క్యాంపెయిన్‌కి వచ్చిన డబ్బు మీరు ఆపేశారు, దాని గురించే ఈ గోడంతా. ముందే చెప్తున్నా, ఇది పొడుగు మెయిల్. మీ చాట్‌లో నాలుగు లైన్లు టైప్ చేసేలోపు "మీరు ఇంకా ఉన్నారా" అని అడిగి సెషన్ కట్ చేసేస్తారు, ఫోన్ చేస్తే విషయం మొదలయ్యేసరికి హోల్డ్‌లో పెట్టి ఆ పియానో మ్యూజిక్ వినిపిస్తారు, కాబట్టి ఇన్నాళ్ళూ నన్ను పూర్తిగా చెప్పనివ్వని మాటలన్నీ ఇక్కడే చెప్పేస్తా. చదవడం చదవకపోవడం మీ ఇష్టం, కానీ చదవకుండా ఈ టికెట్ కూడా క్లోజ్ చేస్తే మాత్రం ఊరుకోను.

మాది చిన్న ప్రింటింగ్ యూనిట్. ఒక ఆఫ్‌సెట్ మెషిన్, ఒక కటింగ్ మెషిన్, బైండింగ్ టేబుల్, కొద్దిమంది పనివాళ్ళు. మేం ఇబ్బందుల్లో పడింది పని లేక కాదు, చేసిన పనికి డబ్బు రాక. పెద్ద కస్టమర్ ఒకాయన సరుకు తీసుకెళ్ళి బిల్లు నెలల తరబడి నానబెట్టాడు, పేపర్ డీలర్ పాత బాకీ కడితే గానీ కొత్త రీము దింపనన్నాడు, జీతాలు అద్దె కరెంటు బిల్లు ఎవరి కోసమూ ఆగవు కదా. లెక్కల పుస్తకంలో చూస్తే లాభమే, గల్లాపెట్టె తెరిచి చూస్తే ఏమీ లేదు. చిన్న వ్యాపారం చేసేవాళ్ళు ఎవరికైనా ఈ మాట సగంలోనే అర్థమవుతుంది. మీ ఏజెంట్లలో ఒకావిడ మాత్రం "లాభం ఉన్నప్పుడు ఫండ్స్ ఎందుకు మేడం" అని అడిగింది. ఏం చెప్పను ఇక.

బ్యాంకుకి వెళ్తే తాకట్టు ఏముందన్నారు, మెషిన్ మీద అప్పటికే లోన్ ఉంది. రావాల్సిన బిల్లు చూపించి ముందే డబ్బు తెచ్చుకునే పద్ధతి, అదే బిల్ డిస్కౌంటింగ్, అదీ అడిగా. దానికి బిల్లు కట్టాల్సినాయన "అవును, ఇంత ఇవ్వాలి" అని ఒప్పుకోవాలంట, ఫోనే ఎత్తని మనిషి సంతకం ఏం పెడతాడండీ. ఇంకొకాయన వాటా ఇస్తే పెట్టుబడి పెడతానన్నాడు, ఆయన అడిగినంత వాటా రాసిస్తే నా యూనిట్‌లో నాకే మాట చెల్లదు. ఇవన్నీ అయ్యాకే మీ ప్లాట్‌ఫామ్‌కి వచ్చా. దానం అడగలేదు. నోట్‌బుక్కులు, డైరీలు ఇప్పుడే కొనుక్కోండి, ఆ డబ్బుతో పేపర్ తెచ్చి, ప్రింట్ చేసి, బైండ్ చేసి పంపిస్తా అన్నా. అడ్వాన్స్ ఆర్డర్లు అనుకోండి. జనం నమ్మారు. పాత కస్టమర్లు, వాళ్ళ ఫ్రెండ్స్, ఎప్పుడో మా దగ్గర పనిచేసి మానేసిన బైండరు కూడా వేశాడు, అతని సంపాదన ఎంతో నాకు తెలుసు కాబట్టే ఆ పేరు చూసినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది.

కిక్‌స్టార్టర్ లాంటి వేరే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో పెట్టుకున్న టార్గెట్ చేరితేనే డబ్బు, చేరకపోతే ఇస్తామన్నవాళ్ళ కార్డుల్లోంచి రూపాయి కూడా కట్ అవ్వదు. మా దగ్గర అలా కాదు, ఎంత పోగైతే అంత మీ చేతికొస్తుంది అని మీరే పెద్దక్షరాలతో రాసుకున్నారు. అది చూసే వచ్చా. ఇప్పుడేమో టార్గెట్టూ చేరింది, ఇచ్చినవాళ్ళ కార్డుల్లోంచి డబ్బూ కట్ అయింది, కార్డు డబ్బు దాటించే పేమెంట్ గేట్‌వే వాళ్ళ ఛార్జీ పోయింది, మీ కమిషన్ పోయింది, నా చేతికి మాత్రం ఏమీ రాలేదు. మరి మీ కమిషన్‌కి రివ్యూ లేదా? దానికి ఏ పత్రాలూ అక్కర్లేకుండానే లెక్కలో కోసేశారే!

డ్యాష్‌బోర్డులో నా పేరు పక్కన పసుపు రంగు లేబుల్ ఒకటి వచ్చింది, "పరిశీలనలో ఉంది" అని. దాని మీద నొక్కితే చిన్న డబ్బా తెరుచుకుని "మరిన్ని వివరాలకు హెల్ప్ పేజీ చూడండి" అంటుంది. హెల్ప్ పేజీకి వెళ్తే "మీ డబ్బు స్టేటస్ కోసం డ్యాష్‌బోర్డు చూడండి" అంటుంది. ఈ రెండింటి మధ్య నేను ఎంతసేపు తిరిగానో మీ సిస్టంలో రికార్డు అయ్యే ఉంటుంది, చూసుకోండి. చాట్‌లో ముందు ఒక రోబో వస్తుంది. మీ సమస్య ఎంచుకోండి అంటూ ఫోటో ఎలా మార్చాలి, లింక్ ఎలా షేర్ చేయాలి, వీడియో ఎందుకు పెట్టాలి అని వరసగా చూపిస్తుంది. డబ్బు రాలేదు అనే ఆప్షనే లేదు. మీ లిస్టులో లేని కష్టం నాకొచ్చింది, నాదే దురదృష్టం.

ఇక మనుషుల సంగతి. మొదటి అబ్బాయి రాగానే "కంగ్రాచ్యులేషన్స్ సర్, మీ క్యాంపెయిన్ సూపర్ సక్సెస్" అన్నాడు. బాబూ నేను సర్ కాదు అన్నా. "ఓకే సర్, అర్థమైంది సర్" అన్నాడు. చివర్లో నన్ను అర్థం చేసుకున్నందుకు ధన్యవాదాలు సర్ అని వెళ్ళిపోయాడు, డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పకుండానే.

రెండో ఆయన కాస్త విషయం చెప్పాడు. సంస్థ పేరు ఒకటి, బ్యాంకు ఖాతా ఇంకొకరి పేరు మీద ఉంది, మ్యాచ్ అవ్వట్లేదు అన్నాడు. అయ్యా, మాది ప్రొప్రైటర్‌షిప్, ఒక్కరి యాజమాన్యం, ఇలాంటి వ్యాపారంలో సంస్థ అన్నా నేనన్నా ఒకటే, అప్పు పడితే నా మీదే పడుతుంది, లాభం వస్తే నాకే వస్తుంది, చట్టం కూడా మమ్మల్ని ఇద్దరిగా చూడదు అని విడమర్చి చెప్పా. రిజిస్ట్రేషన్ కాగితం ఇచ్చా, దాని మీద నా పేరు అచ్చేసి ఉంది. అంతా విని, "అయితే మేడం, సంస్థ యజమాని దగ్గర్నుంచి మీ ఖాతాలో డబ్బు వేయడానికి అభ్యంతరం లేదని లెటర్ తీసుకురండి" అన్నాడు. యజమాని నేనే కదా అంటే "ప్రాసెస్ మేడం" అన్నాడు. సరే ప్రాసెసే కదా అని, నేను నాకు పర్మిషన్ ఇస్తున్నట్టు లెటర్ రాసుకుని, ఇచ్చేవారి చోట ఒక సంతకం, పుచ్చుకునేవారి చోట ఒక సంతకం పెట్టి అప్‌లోడ్ చేశా. తిరస్కరించారు. కారణం ఏం రాశారో తెలుసా? "రెండు సంతకాలు ఒకే విధంగా ఉన్నాయి." నేను దీన్ని ప్రింట్ తీసి మెషిన్ పక్కన గోడకి అంటించా, మా వాళ్ళు టీ టైంలో చదువుకుని నవ్వుకుంటున్నారు, జీతం ఆలస్యమైనా కనీసం ఆ కాసేపైనా నవ్వనీ అని వదిలేశా.

తర్వాత ఫోన్‌లో ఒకావిడ. మాట చాలా తియ్యగా ఉంటుంది, నేను కాదనను. "మీ బాధ నేను పూర్తిగా అర్థం చేసుకోగలను మేడం" అని ప్రతి వాక్యానికీ ముందు చెప్తుంది, తర్వాత వాక్యం ఉండదు. సూపర్‌వైజర్‌ని ఇవ్వండి అంటే మీటింగ్‌లో ఉన్నారు అంది. ఎప్పుడు చేసినా ఆయన మీటింగ్‌లోనే ఉంటాడు. ఏం మీటింగులండీ అవి, మా డబ్బు ఎలా ఆపాలా అనేనా? 24 నుంచి 48 గంటల్లో కాల్ బ్యాక్ వస్తుందన్నారు. రాలేదు. వచ్చింది ఏంటంటే మెయిల్: "మీ నుంచి ఎటువంటి స్పందన రానందున ఈ టికెట్ మూసివేయబడింది." నా నుంచి స్పందన రాలేదంట! దాని వెనకాలే ఇంకోటి, మా సేవ ఎలా ఉంది, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని. ఆ వెనకాలే మార్కెటింగ్ వాళ్ళది, "మీ విజయగాథను మాతో పంచుకోండి, వేలమందికి స్ఫూర్తినివ్వండి" అని. పంచుకుంటున్నా కదా ఇప్పుడు, వేసుకోండి మీ హోం పేజీలో.

ఇంతవరకూ ఓర్చుకున్నా. ఓర్చుకోలేనిది ఏంటంటే, నాకు ఒక్క లైను జవాబు రాయడానికి తీరిక లేని మీరు నాకు డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ "మీరు మద్దతు ఇచ్చిన క్యాంపెయిన్ ప్రస్తుతం పరిశీలనలో ఉంది" అని మెయిల్ కొట్టారు. నాకు ముందు చెప్పలేదు. ఎందుకు పరిశీలన అన్న ముక్క అందులో లేదు. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? ఈవిడ ఏదో మోసం చేసింది, అందుకే కంపెనీ వాళ్ళు పట్టుకున్నారు అనుకోరా? ఒకాయన మర్యాదగా ఫోన్ చేసి "ఏమైనా ఇబ్బందా అమ్మా" అన్నాడు, ఆ గొంతులో అనుమానం నాకు తెలీదా. ఇన్నేళ్ళుగా మాట మీద నిలబడి సంపాదించుకున్న పేరు మీ ఒక్క మెయిల్‌తో మసకబారింది. డబ్బు ఇవాళ కాకపోతే రేపొస్తుంది, ఇది ఎలా తెస్తారు?

పోనీ, రివ్యూ అసలు వద్దని నేననడం లేదు. దొంగ క్యాంపెయిన్లు పెట్టి పారిపోయేవాళ్ళున్నారు, దొంగ కార్డులతో డబ్బు వేసేవాళ్ళున్నారు, కేవైసీ చూడాలి, చూడండి. కానీ చూస్తున్నారా? నేను డైరీలు పంపాలంటే పేపర్ కావాలి, పేపర్ కావాలంటే ఆ డబ్బు కావాలి, ఆ డబ్బు మీ దగ్గరుంది. మీ నియమాల్లోనేమో చెప్పిన టైంకి సరుకు పంపకపోతే క్యాంపెయిన్ రద్దు, డబ్బు వాపసు అని ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మీ వ్యవహారం. బ్యాంకుకైనా ఒక గుణం ఉంది, ఇవ్వను అని మొహం మీదే చెప్పింది, నేను ఇంకో దారి చూసుకున్నా.

మీకో సంగతి చెప్తా, ప్రింటింగ్‌లో ఉన్నవాళ్ళం కదా మాకు ఇలాంటివి గుర్తుంటాయి. 1885లో అమెరికాలో స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే జోసెఫ్ పులిట్జర్ తన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో జనాన్ని చందాలు అడిగాడు. సుమారు 5 నెలల్లో లక్ష డాలర్లకు పైగా వచ్చాయి, ఎక్కువమంది ఇచ్చింది డాలర్ కంటే తక్కువే. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు పత్రికలో వేస్తానన్నాడు, వేశాడు. అక్షరాల్ని లైన్లు లైన్లుగా పోతపోసిచ్చే లైనోటైప్ మెషిన్ పత్రికల్లోకి వచ్చింది 1886లో, అంటే ఆ పేర్లన్నీ ఎవరో కంపోజిటర్లు అక్షరం అక్షరం చేత్తో పేర్చారన్నమాట. వాళ్ళకి కంప్యూటర్ లేదు, డ్యాష్‌బోర్డు లేదు, చాట్ రోబో లేదు. ఎవరిచ్చారు, ఎంత పోగైంది, అందరికీ తెలిసేలా చెప్పారు. మీరు సర్వర్లు పెట్టుకుని నా ఒక్కదానికి నా డబ్బు ఎక్కడుందో చెప్పలేకపోతున్నారు.

నేను మీకు కొత్త కూడా కాదు. అంతకుముందు మా మెషిన్ రిపేరుకి చిన్న క్యాంపెయిన్ మీ దగ్గరే పెట్టా, అప్పుడు ఇదే పేరు, ఇదే ఖాతా, ఇవే కాగితాలు, డబ్బు వచ్చింది. అప్పుడు మ్యాచ్ అయిన పేరు ఇప్పుడెందుకు అవ్వట్లేదు? తెలిసినవాళ్ళకి, టైలరింగ్ చేసేవాళ్ళకి, బొమ్మలు చేసేవాళ్ళకి మీ పేరు చెప్పి పంపింది నేనే, మా ఇన్వాయిస్‌ల అడుగున మీ లింకు ఊరికే అచ్చేశా. దానికి కమిషన్ నేనేం అడగలేదే. వాళ్ళిప్పుడు నన్నడుగుతున్నారు, మీ డబ్బు వచ్చిందా అని. ఏం చెప్పమంటారో మీరే చెప్పండి, అదే చెప్తా.

డబ్బు వదలండి అని అడగడం కూడా విసుగొచ్చింది. ముందు ఒక మనిషి, పేరున్న మనిషి, మీటింగ్‌లో లేని మనిషి నాకు ఫోన్ చేసి ఏం తక్కువైందో చెప్పాలి. నాకు డబ్బిచ్చినవాళ్ళందరికీ మీరే ఇంకో మెయిల్ పంపి, ఇందులో ఈవిడ తప్పేం లేదు, ఆలస్యం మా వల్లే అని రాయాలి, అది క్షమాపణ అనుకుంటారో ఏమనుకుంటారో మీ ఇష్టం. డబ్బు ఎలాగూ ఇవ్వాల్సిందే, దాని గురించి వేరే చెప్పాలా.

లేదంటే నేను చేయగలిగినవి చేస్తా. ఈ మెయిల్ మొత్తం, ఆ సంతకాల తిరస్కరణ స్క్రీన్‌షాట్‌తో సహా, సోషల్ మీడియాలో పెడతా. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తా. ఇంకో మాట, నాకు డబ్బిచ్చినవాళ్ళందరినీ వాళ్ళ వాళ్ళ బ్యాంకుల్లో డిస్ప్యూట్ పెట్టమంటా, సరుకు అందలేదు కాబట్టి చార్జ్‌బ్యాక్, అంటే కార్డులో కట్ అయిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే హక్కు వాళ్ళకుంది. ఒక్కో చార్జ్‌బ్యాక్‌కి మీ మీద ఛార్జీ పడుతుందని, అవి మరీ ఎక్కువైతే కార్డు కంపెనీలు మిమ్మల్ని కూడా "పరిశీలనలో" పెడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు తెలుస్తుంది పసుపు లేబుల్ ఎలా ఉంటుందో.

కాగితాలు ఈ మెయిల్‌కి మళ్ళీ జతచేయడం లేదు, అన్నీ మీ దగ్గరే ఉన్నాయి, వెతుక్కోండి. ఫోన్ ఎప్పుడైనా చేయొచ్చు, మెషిన్ ఖాళీగానే ఉంది కాబట్టి సౌండ్‌లో రింగ్ వినపడదేమో అన్న భయం కూడా లేదు.

ఇట్లు,
ఆ ప్రింటింగ్ యూనిట్ యజమాని
(సర్ కాదు)