నాన్న భూమి పరిహారం వచ్చింది: ఖజానా వరండాలో కలిసిన ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మ బ్యాంకు ఖాతాలో డబ్బు జమ అయింది. కాలువ కోసం నాన్న వదులుకున్న భూమికి కోర్టు పెంచిన పరిహారం అది. తీసుకోవడానికి నాన్న లేరు. ఫోనుకు వచ్చిన సందేశాన్ని అమ్మ నా చేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. సంతోషించాలని తెలుసు, కానీ ఇంకా ఒళ్లంతా అలసటే. అయినా ఈ రాత్రికే రాస్తున్నాను. రేపటికి వాయిదా వేస్తే పనుల్లో పడిపోతాను, ఒకరికి చెప్పాల్సిన మాట మిగిలిపోతుంది.

తమ్ముడు, మా వారు, అత్తయ్య, పిన్ని అందరూ వెంట నిలబడ్డారు. ఇంటివాళ్లు, వాళ్లకు విడిగా చెప్పేదేముంది.

తెలియనివారి కోసం విషయం కొంచెం చెబుతాను. మా భూమిని తీసుకున్నది 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద. ఇప్పుడున్న 2013 చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది, అప్పటికే మా వ్యవహారమంతా పాత చట్టం కింద నడిచిపోయింది. అధికారులు అవార్డులో, అంటే పరిహారం నిర్ణయించిన ఉత్తర్వులో, కట్టిన ధర మరీ తక్కువని నాన్న ఒప్పుకోలేదు. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టి, 18వ సెక్షన్ కింద విషయాన్ని సివిల్ కోర్టుకు పంపమని అర్జీ ఇచ్చారు. కోర్టు ధర పెంచింది. మార్కెట్ విలువ మీద 30 శాతం సొలేషియం (భూమిని బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం, ఆపైన పెరిగిన సొమ్ము మీద వడ్డీ: భూమి స్వాధీనం చేసుకున్న నాటి నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత డబ్బు జమ చేసేదాకా 15 శాతం. తీర్పు వచ్చిన సాయంత్రం ఊళ్లోవాళ్లు ఇంటికి వచ్చి మరీ నాన్నను అభినందించారు. ఇక చేతికి వచ్చేసినట్టే అనుకున్నాం.

తీర్పు రావడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఒక ఎత్తు. రాష్ట్రం విడిపోయింది, ఫైళ్లు పంచుకున్నారు, అధికారులు మారారు. కొన్నిచోట్ల రైతులు కోర్టులో ఈపీ, అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేసి ప్రభుత్వ కార్యాలయాల కుర్చీలు, జీపులు జప్తు చేయించిన వార్తలు మీరూ చదివే ఉంటారు. మా లాయరు గారు కూడా ఈపీ వేసి, జప్తు అడుగుదామా అన్నారు. నాన్న వద్దన్నారు. "ఆ కుర్చీలు నాకెందుకు? వాటిలో కూర్చున్నవాళ్లు ఒక సంతకం పెడితే చాలు" అన్నారు. ఆ సంతకం చూడకుండానే వెళ్లిపోయారు. అప్పటి నుంచి వారసులుగా అమ్మ, తమ్ముడు, నేను.

ఆఫీసులో ఎప్పుడు అడిగినా జవాబు బడ్జెట్ గురించే. "అసెంబ్లీలో పద్దు ఓటింగుకు రావాలి, ఆమోదం కావాలి." మార్చి నెలాఖరుకు వెళ్తే నిధులు మురిగిపోయాయి అనేవారు. ఏప్రిల్‌లో ఇంకా కేటాయింపులు రాలేదు అనేవారు. ఎన్నికల ఏడాది అయితే ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చులకే సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి) కదా, పూర్తి బడ్జెట్ వచ్చాక చూద్దాం అనేవారు. ఇందులో ఏ మాటా పచ్చి అబద్ధం కాదు. అందుకే ఎవరితోనూ పోట్లాడలేకపోయాం. ప్రభుత్వం అంటే ఇలాగే ఉంటుందేమో అని తల వంచుకుని వచ్చేసేవాళ్లం.

చివరికి శాఖవారు ఒక బిల్లు పెట్టారు. ఖజానా దాన్ని అభ్యంతరంతో తిప్పి పంపింది. ఆ మెమో నకలు సంపాదించాను గానీ, అందులో ఉన్నవన్నీ అంకెలు, పొడి అక్షరాలు. అర్థం అడుగుదామని ఖజానా కార్యాలయానికి వెళ్లాను. లోపల పింఛనుదారుల రద్దీ. వరండాలో బల్ల మీద కూర్చున్నాను.

పక్కన ఒక పెద్దాయన లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చి తన వంతు కోసం చూస్తున్నారు. తెల్ల చొక్కా, చేతిలో గుడ్డసంచీ. నా ఒడిలోని కాగితం వైపు చూసి, "ఆ మెమో ఒకసారి ఇస్తావా అమ్మా, చదివి ఇచ్చేస్తాను" అన్నారు. ఖజానాలోనే పనిచేసి రిటైరయ్యారట. సంచీలోంచి చిన్న చెక్క స్కేలు తీశారు. దాన్ని ఒక్కో వరుస కింద ఆనించి, పద్దు సంఖ్యను అంకె అంకెగా చదువుకుంటూ వచ్చారు. ఒకచోట స్కేలు ఆగిపోయింది. "ఇక్కడమ్మా. కోర్టు డిక్రీ సొమ్మును ఓటెడ్ కింద పెట్టారు. ఇది ఛార్జ్డ్."

ఆ ముక్క నాకు అర్థం కాలేదని నా ముఖం చూసే గ్రహించారు. తన వంతు వచ్చి పేరు పిలిచినా, వెనకవాళ్లను వెళ్లమని చెప్పి నాకు ఓపిగ్గా చెప్పారు. రాష్ట్రం ఖర్చు రెండు రకాలు. ఒకటి శాసనసభ ఓటు వేసి ఇచ్చేది, అది ఓటెడ్. రెండోది రాజ్యాంగమే సంచిత నిధి (ప్రభుత్వ రాబడి అంతా చేరే ఖాతా) మీద నేరుగా మోపింది, అది ఛార్జ్డ్. 202వ అధికరణంలో ఆ జాబితా ఉంది: గవర్నరు జీతభత్యాలు, స్పీకరు జీతం, రాష్ట్రం చేసిన అప్పుల వడ్డీలు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు. వాటి వరసలోనే, కోర్టు తీర్పు ప్రకారం చెల్లించాల్సిన సొమ్ము కూడా. వీటి మీద సభలో చర్చ జరగవచ్చు గానీ ఓటింగ్ ఉండదు, అది 203వ అధికరణం. "కోర్టు ఇమ్మన్నదాన్ని ఇవ్వాలా వద్దా అని చేతులెత్తించి అడుగుతారా తల్లీ? అలా అడగకూడదనే అక్కడ రాసిపెట్టారు."

నేను లేచి నిలబడిపోయాను. అయితే అసెంబ్లీతో పనే లేదా అని అడిగాను. కూర్చోమన్నారు. "ఓటు అక్కర్లేదన్నాను గానీ చట్టం అక్కర్లేదనలేదు. ఛార్జ్డ్ అయినా సరే, ద్రవ్య వినిమయ బిల్లులో ఆ అంకె ఉండాలి. ఆ చట్టం లేకుండా సంచిత నిధి నుంచి రూపాయి కూడా కదలదు. బడ్జెట్‌లో పెట్టకపోతే 205 కింద అనుబంధ పద్దుల్లో పెట్టవచ్చు. అయితే పెట్టమని శాఖ అడగాలి, ఆర్థిక శాఖకు రాయాలి. ఈ కాగితం చూస్తే ఎవరూ అడిగినట్టు లేదు."

ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లుగా మేము సభ ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాం, మా సొమ్ము అసలు ఆ దారిలో వెళ్లాల్సింది కాదు. వెళ్లాల్సిన దారిలో దాన్ని ఎవరూ పంపనే లేదు.

ఆయన అంతటితో ఆపి ఉంటే చాలు, జీవితాంతం గుర్తుపెట్టుకునేదాన్ని. ఆపలేదు. సంచీలోంచి తెల్లకాగితం తీసి అర్జీ రాయడం మొదలుపెట్టారు. రాస్తూ రాస్తూ తలెత్తి, "మీ నాన్నగారి పేరు ఏమిటమ్మా?" అని అడిగారు.

చెప్పాను. కీర్తిశేషులు అని రాసి, పేరు రాసి, గారు అని చేర్చారు. నా కళ్ల ముందే, గుండ్రటి అక్షరాలతో. నాన్న పోయిన తర్వాత ఏ కార్యాలయంలోనూ ఆయన పేరుకు ఎవరూ గారు చేర్చలేదు. అక్కడ ఆయన ఒక సర్వే నంబరు, కోర్టు కేసుకిచ్చే ఒక ఓపీ నంబరు, ఒక మృతుడు. నాకు ఒక్కసారిగా ఏడుపు వచ్చేసింది. అంతమంది మధ్య, ఆపుకోలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు, ఓదార్చలేదు. వరండాలో గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద అరచెయ్యి ఆనించి, నేను తేరుకునేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత మిగతా వాక్యం పూర్తి చేశారు.

వడ్డీ లెక్క కూడా ఆయనే సరిచూశారు. శాఖ వేసిన పట్టికలో సొలేషియం మీద వడ్డీ కట్టలేదు. సొలేషియం కూడా పరిహారంలో భాగమే, దాని మీదా వడ్డీ ఇవ్వాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2001లోనే చెప్పింది. పాత క్యాలెండరు కాగితాల వెనక గళ్లు గీసి ఏడాది ఏడాదికీ లెక్క కట్టి ఇచ్చారు. మా లాయరు గారు అది చూసి అంకె మార్చకుండా మెమోలో చేర్చారు.

మీకు అక్కడ తెలిసినవాళ్లు ఉంటారు కదా, ఒక మాట చెప్పండి సార్ అని బతిమాలాను. ఒప్పుకోలేదు. "నేను చెబితే చేశారనుకో, అది నాకు చేసినట్టు అవుతుంది. నీకు రావాల్సింది కాగితం మీద ఉంది, కాగితమే అడగాలి" అన్నారు. కానీ మోకాళ్ల నొప్పితోనే నాతో మెట్లెక్కి వచ్చారు. తపాలు విభాగంలో అర్జీ ఇప్పించి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకునేదాకా కదలలేదు. కొన్నాళ్లకు శాఖ ఆర్థిక శాఖకు రాసిందో లేదో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి కాబట్టి, ఆ గడువు దగ్గర పడినప్పుడే అసలు ఉత్తరం కదిలిందని నా నమ్మకం.

అనుబంధ పద్దులు సభకు వచ్చిన రోజు టీవీలో ప్రత్యక్ష ప్రసారం చూశాను. అందులో మా పేరు ఉండదు, మా మొత్తం కూడా విడిగా ఉండదు. ఛార్జ్డ్ వరుసలో అన్ని డిక్రీలూ కలిపి ఒక అంకె. ద్రవ్య వినిమయ బిల్లు మూజువాణి ఓటుతో నిమిషాల్లో ఆమోదం పొందింది. ఫోను మోగింది. "చూశావా అమ్మా? ఇక గవర్నరు గారి సంతకం, ఆ తర్వాత జీవో" అన్నారు. ఆయన కూడా తన ఇంట్లో కూర్చుని అదే చూస్తున్నారు. తనకు ఏమీ కాని మనుషుల కోసం.

డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డారు. అమ్మ పంపిన బియ్యం బస్తాను అదే ఆటోలో తిప్పి పంపేశారు. జీవో వచ్చాక ఒక ప్రతి చూపించమని మాత్రం అడిగారు. చూపించాను. స్కేలు ఆనించి మొత్తం చదివి, సరిగ్గానే ఉంది అన్నారు. పేరు ఎక్కడా రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సార్, ఎవరైనా ఇది మీకు చదివి వినిపిస్తే, ఇది మీకేనని మీకు తెలుస్తుంది. మీ పాదాలకు నమస్కారం.

ఒక మాట అనకుండా ఉండలేను. రిటైరైన ఒక మనిషి వరండాలో బల్ల మీద కూర్చుని కొద్దిసేపట్లో పట్టుకున్న తప్పును, జీతం తీసుకుంటూ ఆ ఫైలు మీద సంతకాలు చేసిన ఇంతమంది ఎందుకు పట్టుకోలేదు? మాకు జరిగిన ఆలస్యానికి 15 శాతం వడ్డీ కట్టింది ఎవరి డబ్బు? ప్రజల డబ్బే. అసలు కంటే వడ్డీ ఎక్కువైంది. ఆ తేడాతో ఎన్ని బడులకు గదులు కట్టవచ్చో ఎవరైనా లెక్క వేశారా? మాతోపాటు భూమి ఇచ్చినవాళ్లలో ఇంకా రానివాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరికి చదువు రాదు, లాయరు ఫీజు కట్టే స్తోమత లేదు. వాళ్లు ఏ వరండాలో కూర్చోవాలి? పక్కన ఎవరు వచ్చి కూర్చోవాలి?

అలాంటివారు ఇది చదివితే, లేదా మీకు తెలిసి ఉంటే చెప్పండి. కోర్టు డిక్రీ చేతిలో ఉంటే మీ బిల్లు ఓటెడ్ కింద ఉందో ఛార్జ్డ్ కింద ఉందో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట జవాబు తీసుకోకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకోండి. లాయరును పెట్టుకోలేని మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 1987 చట్టంలోనే ఉంది. ఈ విషయం మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా లాయరు గారికి కృతజ్ఞతలు, నాన్న పోయాక ఫీజు అడగడం మానేశారు. అయ్యో, ఆయన గుమస్తా గారిని మరిచిపోతున్నాను. డబ్బు కోర్టులో జమ అయ్యాక దాన్ని మాకు ఇవ్వమని కోరే చెక్కు పిటిషన్ వేయించి, వారసుల పేర్లలో అక్షరం తేడా లేకుండా చూసింది ఆయనే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం వచ్చి సాక్షి సంతకాలు పెట్టిన మా ఎదురింటి అన్నయ్యకు, వదినకు కూడా.

బ్యాంకులో ఉన్న ఆ అమ్మాయికి: అమ్మ ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, పాసుపుస్తకంలో ఒకలా ఉంటే, భోజనం వేళ దాటిపోతున్నా కూర్చుని సరిచేసింది. కోర్టు నకళ్ల విభాగంలో అటెండర్ గారు, పాత కట్టల దుమ్ములోంచి అవార్డు ప్రతి వెతికి తీశారు, ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇంకా ఎవరినైనా మరిచిపోయి ఉంటే కింద గుర్తుచేయండి, పొద్దున లేచాక చేరుస్తాను.