కునికే పిల్లలకు గోడకుర్చీ కాదు, పరీక్ష కావాలి

సంపాదకులకు,

మా పెద్దబాబుకు ఆరో తరగతిలో మొదలైంది ఈ నిద్ర. రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఏడింటికి లేచినా, బడిలో రెండో పీరియడ్‌కే తల బెంచీ మీద వాలేది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే కళ్లు మూతపడేవి. బద్ధకమన్నారు, ఫోనన్నారు, గోడకుర్చీ వేయించారు. ఇంట్లో నేనూ కొట్టాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

దసరాకు మా అన్న పిల్లలొచ్చినప్పుడు పడీపడీ నవ్వుతూ మోకాళ్లు మడతపడి కూలబడ్డాడు. స్పృహ పోలేదు, మేం పిలిచినవన్నీ వినపడ్డాయట. నిద్రపట్టే వేళ ఎవరో గుండెల మీద కూర్చున్నట్టుందంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. ఒక డాక్టరు ఫిట్స్ అన్నారు, ఏడాది ఆ మాత్రలు మింగించాం.

మూడేళ్లకు హైదరాబాద్‌లో తేలింది, నార్కోలెప్సీ అని. మెలకువను నిలిపే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు నశించడమే మావాడి జబ్బు. నవ్వితే కూలడం కూడా అందులో భాగమే, దాన్ని కాటాప్లెక్సీ అంటారు. జబ్బుకు పేరు పెట్టింది 1880లో అయినా, మనుషుల్లో ఈ రసాయనం తగ్గిపోవడమే కారణమని తెలిసింది 2000 ప్రాంతంలోనే. పరీక్షలో నొప్పేమీ లేదు. రాత్రంతా తలకు వైర్లు అంటించి నిద్రను నమోదు చేస్తారు, మర్నాడు రెండేసి గంటలకోసారి ఐదుసార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కలల నిద్ర వెంటనే వచ్చేస్తుంటే అనుమానం బలపడుతుంది.

పూర్తిగా నయం కాదు. పొద్దున ఒక మాత్ర, మధ్యాహ్నం బడిలో ఇరవై నిమిషాల కునుకు. పెద్దసారు స్టాఫ్‌రూంలో చాప వేయించారు, మావాడికి సగం మందు ఆ చాపే.

ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది 10–20 ఏళ్ల మధ్య, అంటే బడి వయసులోనే. బడులకు వచ్చి పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు కళ్లూ పళ్లూ చూసేటప్పుడు రెండు మాటలు అడగాలి: పగలు ఆపుకోలేని నిద్ర వస్తోందా? నవ్వితే కాళ్లు సడలుతున్నాయా? ఉత్తర తెలంగాణకు పెద్దదిక్కయిన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వారానికొక రోజు పిల్లల నిద్ర సమస్యలకు ఓపీ పెడితే భూపాలపల్లి, ములుగు తల్లులకు హైదరాబాద్ బస్సు తప్పుతుంది. అనుమానం ఉన్నవాళ్లు రెండు వారాల నిద్ర వేళలు నోటుబుక్కులో రాసి, కూలబడ్డప్పుడు ఫోన్లో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి.

మావాడు ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాస్తాడు. మధ్యలో పది నిమిషాలు తల వాల్చనిచ్చి, ఆ సమయాన్ని చివర్లో కలపాలని విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక తల్లి, హనుమకొండ