స్టీరింగు మీంచి చేతులు తీయకూడదని అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

ఆర్టీసీలో బస్సు నడిపి పదవీ విరమణ చేశాక మిర్యాలగూడలో డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఈమధ్య కొత్త కార్లు కొన్నవాళ్లు "ఇందులో అడాస్ ఉంది, దానంతట అదే నడుస్తుంది" అంటుంటే భయం వేస్తోంది. అడాస్ అంటే కెమెరాలు, సెన్సర్లతో డ్రైవర్‌కు తోడ్పడే ఏర్పాటు. ఇక్కడ అమ్ముతున్న కార్లలో ఉన్నది మహా అయితే రెండో స్థాయి సాయం, అంటే స్టీరింగు, వేగం సర్దడంలో తోడ్పడేదే తప్ప తానే నడిపేది కాదు. కారు తనంతట తాను వేగం తగ్గించుకున్నా, లేన్‌లో నిలబడినా, బాధ్యత మొత్తం డ్రైవర్‌దే.

కోతలయ్యాక మా వైపు రోడ్లు చూడండి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. గడ్డి రెండు పక్కలా పొంగిన ట్రాక్టర్ ట్రాలీ వెనక లైటు లేకుండా పోతుంటుంది. తెల్ల గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. అద్దం వెనకున్న కెమెరా ఆ గీతలను చూసే లేన్‌ను పట్టుకుంటుంది. దుమ్ము, పొగమంచు, ఎదురు లైటు వెలుగు ఉంటే దానికి చూపు ఆనదు. ముందు బండిని బట్టి వేగం సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్, ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని చాలా కంపెనీలు తమ పుస్తకంలోనే రాస్తాయి. ఆ పుస్తకం కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో పడి ఉంటుంది.

మా అల్లుడు కారు తీసుకున్న రోజు నేనూ షోరూముకు వెళ్లాను. సన్‌రూఫ్, పాటల పెట్టె తీరిగ్గా చూపించారు. అడాస్ సంగతి అడిగితే "ఈ బటన్ నొక్కితే చాలు సార్" అన్నారు. ఎక్కడ పనిచేయదో ఒక్క ముక్క చెప్పలేదు.

ఈ సాంకేతికత వద్దని నేననను. అడ్డొచ్చిన మనిషిని చూసి తానే బ్రేకు వేసే ఏర్పాటు ప్రాణాలు నిలుపుతుంది. 2029 సెప్టెంబరు నాటికి కొత్త కార్లన్నిటిలో అది ఉండాలని అమెరికా 2024లో నిబంధన చేసింది. అదే దేశంలో, కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ దగ్గర 2018 మార్చిలో ఆటోపైలట్ (టెస్లా కంపెనీ పెట్టే ఇలాంటి సాయమే) మీద వెళ్తున్న టెస్లా కారు లేన్ తప్పి డివైడర్‌ను ఢీకొట్టింది. నడుపుతున్న వ్యక్తి చనిపోయాడు. అతని ధ్యాస ఫోనులోని ఆట మీద ఉండి ఉంటుందని దర్యాప్తు సంస్థ తేల్చింది. డ్రైవర్ దృష్టి మళ్లకుండా హెచ్చరికలు పెంచడానికి 2023 డిసెంబరులో టెస్లా 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. అంత మంచి రోడ్లున్న చోటే ఇలా జరిగితే, మన రోడ్ల మీద సీటు వదిలి వీడియోలు తీసుకునేవాళ్లను ఏమనాలి? వాళ్ల మీద కేసులు పెట్టాలి.

రవాణా శాఖ వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. అడాస్ ఉన్న కారు అప్పగించే ముందు డీలరు కొనుగోలుదారును పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడిపి చూపాలి. ఆ కారు ఏయే పరిస్థితుల్లో పనిచేయదో తెలుగులో ముద్రించిన కాగితం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఆ కాగితం జత చేయనిదే రిజిస్ట్రేషన్ చేయకూడదు.

– విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్, మిర్యాలగూడ