బట్టతల మందు ఏ దశలో ఉందో కూడా రాయండి

అయ్యా,

‘బట్టతలకు ఇక చెక్’ అని పేపర్లో వస్తే, మర్నాడు మా మందుల షాపులో ఏం జరుగుతుందో మీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మొన్న ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. నెత్తిన టోపీ తియ్యకుండానే ఫోన్లో దాచుకున్న వార్త చూపించి, “అన్నా, ఈ పీపీ405 వచ్చిందా?” అన్నాడు. రాలేదన్నాను. అది ఇంకా ట్రయల్స్‌లోనే, అంటే మనుషుల మీద పరీక్షల్లోనే, ఉందని ఆ వార్తలో చిట్టచివరి వాక్యంలో ఉంది. వాడు అంతదాకా చదవలేదు.

పీపీ405 మీద ఆశ పెట్టుకోవడంలో తప్పులేదు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధనలోంచి పుట్టిన మందు అది. కుదుళ్లలో నిద్రపోతున్న మూలకణాల్ని లేపడం దాని పని. ట్రయల్స్‌లో రెండో దశ ఫలితాలు 2025 జూన్‌లో వచ్చాయి. జుట్టు బాగా పలచబడిన మగవాళ్లలో 31 శాతం మందికి ఎనిమిది వారాల్లో ఒత్తుదనం 20 శాతానికి మించి పెరిగింది. మందు కలపని జెల్ రాసుకున్నవాళ్లలో ఒక్కరికీ అంత పెరగలేదు. బాగుంది. కానీ ఆ ట్రయల్‌లో ఆడామగా అంతా కలిపి 78 మందే! ఏడాదిపాటు వాడితే ఎలా ఉంటుందో తేలాలంటే పెద్ద ట్రయల్స్ జరగాలి.

ఇలా ఆశపెట్టి ట్రయల్స్‌లో బోల్తా పడ్డ మందులు ఉన్నాయి. జుట్టును పెరగనివ్వని ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే పదార్థం బట్టతల చర్మంలో ఎక్కువగా ఉందని 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పగానే ప్రపంచమంతా సంబరపడింది. దాన్ని అడ్డుకునే సెటిపిప్రాంట్ మాత్రను మనుషులకిచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనబడలేదు. చైనాలో కేఎక్స్-826 అనే బట్టతల మందు కూడా 2023లో మూడో దశ ట్రయల్‌లో నిలబడలేకపోయింది.

ఈలోగా చేతిలో ఉన్న మందును జనం వదిలేస్తున్నారు. నాకు అసలు బాధ ఇదే. తలకు రాసుకునే మినాక్సిడిల్‌కు అమెరికాలో 1988లోనే అనుమతి వచ్చింది. అది మొదలుపెట్టిన కొత్తలో కొందరికి జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. ఒకతను రాలిన వెంట్రుకల్ని న్యూస్‌పేపర్ ముక్కలో మడిచి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, “చూడండి మీ మందు” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. పాతవి రాలి కొత్తవాటికి దారిస్తాయనీ, కొన్ని నెలలు ఓపిక పట్టాలనీ చెప్పాను. “కొత్త మందు వస్తోందటగా, అప్పటిదాకా ఆగుతా” అని వెళ్లిపోయాడు. అతను ఆగినా బట్టతల ఆగదు కదా.

ఆగలేనివాళ్లు క్లినిక్‌ల పాలవుతున్నారు. మా అక్క కొడుకు దగ్గర ఒక క్లినిక్ వాళ్లు ‘ఎక్సోసోమ్’ (కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు) ఇంజెక్షన్లకు అరవై వేలు తీసుకున్నారు. “విదేశాల్లో ట్రయల్స్‌లో ఉంది సార్, మీకు ముందుగానే ఇస్తున్నాం” అన్నారట. రసీదు మీద మాత్రం ‘స్కిన్ కేర్ ప్యాకేజీ’ అని ఉంది. నిజమైన ట్రయల్‌లో పరీక్షించే మందుకు మన దగ్గర డబ్బు తీసుకోరు. మనకు అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకుంటారు. హాని జరిగితే వైద్యం వాళ్లే చేయించాలి. పైగా 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌నూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఆ వెబ్‌సైటును ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇది తెలిసుంటే వాడు ఆ అరవై వేలు కట్టేవాడు కాదు.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి వార్త వేసినప్పుడు మందు ఏ దశలో ఉంది, ఎంతమంది మీద చూశారు, మన దేశంలో అనుమతి ఉందా లేదా అన్నది మొదటి పేరాలోనే రాయండి. ఎలుకల మీద చేసిన పరిశోధన అయితే ఎలుకల మీద అని శీర్షికలోనే పెట్టండి. ఆ మందు తర్వాత ట్రయల్‌లో తేలిపోతే ఆ కబురు కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి.

— ఒక మందుల షాపు యజమాని, తెనాలి