పది నెలల ఇంటర్న్‌షిప్‌ను రబ్బరు స్టాంపు స్థాయికి దించారు

సంపాదకుడు గారికి,

అయ్యా,

డిగ్రీ విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌లు మన జిల్లాలో నూటికి నూరు శాతం పూర్తయ్యాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. చదివిన రోజే రాయాల్సింది, రిటర్నుల గడువు మీద పడి కుదర్లేదు. ఒంగోలులో చాలా ఏళ్లుగా వ్యాపారుల లెక్కలు రాస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తూ బతుకుతున్నవాణ్ణి. ఆ వార్త చూసి ఒళ్లు మండింది.

ఏటా ఇంటర్న్‌షిప్‌ల సీజన్ రాగానే బీకాం పిల్లలు గుంపుగా నా ఆఫీసుకు వస్తారు. లాగ్‌బుక్ చేతిలో పెడతారు. ఏ వారం ఏం నేర్చుకున్నదీ అప్పటికే నింపేసి ఉంటుంది. అందరివీ అవే వాక్యాలు, తప్పులతో సహా. "సంతకం పెట్టి స్టాంపు వేస్తే చాలు సార్, కాలేజీలో ఇంకేమీ అడగరు" అంటారు. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను. ఇలాగే నడిచిపోతుందని వాళ్లకు నేర్పింది పెద్దవాళ్లే. నేను కాదంటే డబ్బు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు బయట బోలెడుమంది.

2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్లో సామాజిక సేవ, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు ఏదైనా సంస్థలో, చివరి ఏడాది ఒక సెమిస్టరంతా పనిలోనే. చాలా మంచి నిర్ణయం. గైడుగా లెక్చరర్ ఉంటారు, వైవా (మౌఖిక పరీక్ష) ఉంటుంది, మార్కులుంటాయి. కాగితం మీద లోటేమీ లేదు. ఆ గైడు ఒక్కసారైనా పని జరిగే చోటికి రావద్దా? నా దగ్గరికి ఇంతవరకు ఒక్కరూ రాలేదు. "మా విద్యార్థి రోజూ వస్తున్నాడా" అని ఫోన్ చేసి అడిగిన పాపాన కూడా పోలేదు.

నిజంగా పనిచేస్తే ఏమవుతుందో కూడా చెప్తాను. టంగుటూరు వైపు నుంచి ఒక అమ్మాయి స్టాంపు వద్దు, పని నేర్పమని వచ్చింది. ట్యాక్సేషన్ పేపర్లో మంచి మార్కులే. ఈ-వే బిల్లు చేతికిస్తే తెల్లముఖం వేసింది. యాభై వేల విలువ దాటిన సరుకు లారీ ఎక్కాలంటే ఆ బిల్లు కావాలని పుస్తకంలో చదివింది గానీ, అసలు బిల్లు క్లాసులో ఎవరూ చూపలేదు. ఇన్‌వాయిస్‌లు సర్దించాను, వ్యాపారులతో ఫోన్లో మాట్లాడించాను. ఒకరోజు చీమకుర్తి నుంచి చెన్నై పోయే గ్రానైట్ పలకల ఇన్‌వాయిస్ పట్టుకొచ్చి, "సార్, వేరే రాష్ట్రానికి పోయే సరుకు కదా, ఐజీఎస్టీ పడాలి. వీళ్లు రాష్ట్రంలోపలి అమ్మకాలకు పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశారు" అంది. నాకు కడుపు నిండిపోయింది. ఆ తప్పు పట్టగలిగిన పిల్లకు ఏ ఆఫీసైనా పిలిచి పనిస్తుంది.

మన జిల్లాలో నేర్చుకోవడానికి పనికేం కొదవ? గెలాక్సీ గ్రానైట్ చీమకుర్తి నుంచి దేశదేశాలకు పోతోంది. టంగుటూరు, కొండపిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. తీరం వెంట రొయ్యల చెరువులున్నాయి. చెరువు నీళ్లలో పీహెచ్, ఆక్సిజన్, అమ్మోనియా ఎంతున్నాయో చూసే ల్యాబుల్లో బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లల్ని కూర్చోబెట్టొచ్చు. డిగ్రీ అయినవాళ్లను కేంద్ర పథకం కింద అప్రెంటిస్‌గా పెట్టుకుంటే కనీస స్టైపెండులో సగం ప్రభుత్వమే భరిస్తుంది. ఈ సంగతి ఫ్యాక్టరీల వాళ్లకు ఏ అధికారి వెళ్లి చెప్పాడు? జాబ్ మేళాకు ఫ్లెక్సీలు కట్టడానికి, ఆఫర్ లెటర్లు పంచుతూ ఫొటోలు దిగడానికి మాత్రం తీరిక దొరుకుతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఉద్యోగాల్లో ఎంతమంది నిలిచారో ఏ ఆఫీసూ చెప్పదు. ఇక ప్రైవేటు కాలేజీల లెక్చరర్లను వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లవెంట తిప్పుతున్నారు. పిల్లల వెంట పనిచోటికి వెళ్లే వేళ వాళ్లకెక్కడిది?

2022లో ఆంధ్రకేసరి పేరిట జిల్లాకు విశ్వవిద్యాలయం వచ్చింది. దాని పెద్దలకు నా మనవి: గైడు పనిచోటికి వచ్చి చూశాడన్న రుజువు లేనిదే ఇంటర్న్‌షిప్ మార్కులు వేయనివ్వకండి. వైవాలో పని నేర్పినవాళ్లను కూడా కూర్చోబెట్టండి. దర్శి, పొదిలి నుంచి వచ్చే పేదపిల్లలకు బస్సు చార్జీలకైనా ఏర్పాటు చేయండి. వైవాకు నన్ను పిలిస్తే నా ఖర్చులతోనే వస్తాను. వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టండి.

– ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్, ఒంగోలు